వార్డులో ప్రశ్నావళా, ఇంటి దగ్గర మాటా: రోగి అనుభవం తెలుసుకోవడానికి ఏది మేలు?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే వెళ్ళే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి, రెండోది మహేంద్రతనయ నది దాటి పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం కె.జి.హెచ్.కు. ఏ దారిన వెళ్ళినా రోగి వెంట ఒక మనిషి ఉంటుంది. చాలాసార్లు ఆమె భార్య, లేదా కోడలు, లేదా పెళ్ళికాని కూతురు. వార్డులో ఆమెకు పేరుండదు. ‘పేషెంటు తాలూకు ఎవరు?’ అని కేక వినబడితే లేచి వెళ్ళేది ఆమే. వైద్యం ఈ ఇద్దరికీ ఎలా అందింది, ఎక్కడ ఆగింది, దాని వల్ల ఇంట్లో ఏం మారింది అన్నది తెలుసుకోవడం ఆరోగ్య సేవల పరిశోధకులుగా మా పని. తెలుసుకోవడానికి పద్ధతులు చాలా ఉన్నాయి గాని, ఈ సరిహద్దు జిల్లాల్లో ఏది పనికొస్తుందన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకం ఇచ్చే జవాబు సరిపోదని నా అనుభవం.

అచ్చు వేసిన ప్రశ్నావళిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వందల మందిని ఒకే మాట ఒకే వరుసలో అడిగితేనే ఒక ఆసుపత్రిని మరొకదానితో, ఈ ఏడాదిని నిరుటితో పోల్చగలం. నిధులిచ్చే అధికారి ముందు ‘చాలామంది బాధపడుతున్నారు’ అంటే నిలవదు, ఎంతమందో చెప్పాలి. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో తెచ్చిన ‘మేరా అస్పతాల్’ కూడా సందేశాల ద్వారా, ఫోను ద్వారా, యాప్ ద్వారా రోగుల అభిప్రాయాన్ని పోగుచేసేదే. అమెరికాలో ఆసుపత్రిలో ఉండి వెళ్ళిన రోగుల అనుభవాన్ని అడిగి, 2008 నుంచి ఆసుపత్రులవారీగా ఫలితాలు బయటపెడుతున్న హెచ్‌క్యాప్స్ సర్వేలో నేర్చుకోదగ్గవి రెండున్నాయి. అందులో చాలా ప్రశ్నలు ‘తృప్తిగా ఉందా’ అని కాక, ‘నర్సులు మీ మాట ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు’ వంటి జరిగిన సంగతినే అడుగుతాయి. పైగా రోగి మంచం మీద ఉండగా కాక, ఇంటికి వెళ్ళిన 48 గంటల నుంచి ఆరు వారాల లోపు అడగడం మొదలుపెట్టాలని నియమం.

ఆ రెండో నియమాన్ని పాటించకపోవడం వల్ల ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. పని కొత్తలో ఒక ఆసుపత్రి వార్డులో కాగితాలు పట్టుకుని మంచం మంచానికీ తిరిగాను. సాయానికని ఒక సిస్టరు పక్కనే నడిచారు. అందరూ అన్నిటికీ ‘బాగుంది’ అన్నారు. ఒకామె మాత్రం పెన్ను తీసుకోకుండా, ‘ఇది రాస్తే రేపు మందులు ఆపీరు కదమ్మా?’ అని అడిగింది. ఆ రోజు నేను తెచ్చుకున్న కాగితాల్లో నిజమైన సమాచారం ఆ ఒక్క ప్రశ్నే; దాన్ని రాసుకోవడానికి నా ప్రశ్నావళిలో గడి లేదు.

రోగిని చూసుకునే వాళ్ళ విషయంలో చిక్కు ఇంకా లోతైనది. వాళ్ళ మీద పడే భారాన్ని అంచనా కట్టడానికి ప్రపంచమంతటా వాడే కొలమానాల్లో 1980లో స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు ప్రచురించినది ఒకటి. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు, మొత్తం 88. మీరు చూసుకునే మనిషి అవసరానికి మించి సాయం అడుగుతున్నారనిపిస్తుందా అన్నది మొదటి ప్రశ్న. మొత్తం మీద మీకు ఎంత భారంగా ఉందన్నది చివరిది. మామగారు వింటుండగా కోడలిని మొదటిది అడిగితే ఏం చెబుతుంది? ఇక చివరిదానికి, కట్టుకున్నవాణ్ణి ‘భారం’ అనడమే పాపమనుకునే చోట, రాత్రుళ్ళు నిద్రలేని మనిషి కూడా సున్నా మీదే టిక్కు పెడుతుంది. ‘ఏటి సేస్తామమ్మా, మన మనిసే కదా’ అన్న జవాబును సున్నాగా లెక్కగడితే, ఆమెకు కష్టమే లేదని మనమే రాసినట్టవుతుంది.

దీనికి తోడు భాష. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళలో చాలామంది బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. పోనీ తెలుగులో ఇద్దామంటే, అనువాదం చేయించిన ప్రతిలో ‘సంతృప్తికరమైన సంరక్షణ’, ‘తదుపరి సంప్రదింపు’ వంటి మాటలుంటాయి. జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మాట వినడానికి ఆయన వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో నిలబడి జనానికి అందని తెలుగులో జబ్బు గురించి అడగడం నాకు మనసొప్పలేదు.

ఇంటికి వెళ్ళి తీరిగ్గా మాట్లాడే పద్ధతిని నేను ఎందుకు ముందు పెడతానో చెప్పడానికి ఒక ఇల్లు చాలు. భర్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒక్కో విడత నాలుగు గంటలు, రానూపోనూ ప్రయాణం వేరే. నీళ్ళు కొలిచి తాగాలని డాక్టరు చెప్పారు. ఆమె పొద్దున్నే ఒక సీసాలో ఆయన వాటా పోసి, సుద్దతో గీత గీసి, గూట్లో పెడుతుంది. గంటసేపు ఆసుపత్రి సంగతులూ, బస్సు సంగతులూ చెప్పాక, మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చాక మూతి తుడుచుకుంటూ, తను ఆయన ముందు నీళ్ళు తాగడం మానేసిందని, ఎండాకాలం కూడా బావి దగ్గరికి పోయి తాగి వస్తుందని చెప్పింది. ‘ఆయన గొంతు ఎండిపోతుంటే నా గొంతులోకి ఎలా దిగుతాది?’ అంది. ఎంత తెలివైన ప్రశ్నావళి అయినా, ఆ సంగతి ముందే తెలియనిదే దాన్ని అడగలేదు.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి, అవి చిన్నవి కావు. గంట మాటను అక్షరం వదలకుండా రాయాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. తెలుగులో ఒడియా కలిసిన మాటైతే ఇంకా ఎక్కువ. ఎంతమందితో మాట్లాడితే చాలన్నదానికి 2006లో వచ్చిన ఒక అధ్యయనాన్ని తరచు చెబుతారు: ఘనా, నైజీరియాల్లో 60 మంది స్త్రీలతో చేసిన ముఖాముఖీల్లో ముఖ్యమైన అంశాలు చాలావరకు మొదటి పన్నెండింటిలోనే బయటపడ్డాయని తేలింది. కాని అక్కడ అందరూ ఇంచుమించు ఒకే తీరు వాళ్ళు. మా దగ్గర కొండ ఊరి సవర కుటుంబానికీ, పట్నంలోని వ్యాపారి ఇంటికీ కలిపి పన్నెండు చాలవు. పైగా ఎన్నడూ ఎవరికీ చెప్పని బాధను కదిలించి లేచి వచ్చేయడం అన్యాయం. పరిశోధనలో పాటించాల్సిన నీతి గురించి భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) ఇచ్చిన 2017 మార్గదర్శకాలు అడిగే సమ్మతి పత్రం ఒక్కటే అందుకు సరిపోదు. మనసు బాధకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ 14416 నంబరు చేతిలో పెట్టడం, వారం తర్వాత ఒకసారి పలకరించడం మా బాధ్యతేనని నేను నమ్ముతాను.

రోగినీ, చూసుకునే మనిషినీ కలిపి కూర్చోబెట్టాలా, విడివిడిగానా అన్నది కూడా తేల్చుకోవలసిందే. కలిపి కూర్చుంటే తేదీలు, మందులు, ఖర్చులు ఒకరికొకరు సరిదిద్దుకుంటారు. చికిత్స కథ సరిగ్గా వస్తుంది. ఆమె కథ మాత్రం రాదు. బావి సంగతి ఆయన మంచం పక్కన ఎన్నటికీ బయటికొచ్చేది కాదు. అందుకే మొదట ఇద్దరితో కలిసి, ఆ తర్వాత ఆమె పని చేసుకునే చోట ఆమెతో విడిగా మాట్లాడటం మంచిది.

బృంద చర్చను నేను బస్సు వేళలకీ, కార్డు ఏ రాష్ట్రానిదని అడిగే కౌంటర్ల సంగతికీ మాత్రమే వాడతాను. అందరి కష్టమూ అయినదాన్ని ఆరేడుగురు కలిస్తే ధైర్యంగా చెబుతారు. ఇంటి గుట్టు మాత్రం అత్తవారి వైపు మనిషి ఒక్కరున్నా ఎవరూ విప్పరు. ఫోనులో అడగడం ఇక్కడ దాదాపు వ్యర్థం, ఎందుకంటే ఫోను కొడుకు చేతిలో ఉంటుంది, స్పీకరు మోగుతూ ఉంటుంది.

కాబట్టి మూడు నెలల గడువూ, ఇద్దరు మనుషులూ ఉన్న చిన్న బృందం నన్నడిగితే, మొదటి రెండు నెలలూ ఇళ్ళకే ఇవ్వమంటాను. వాళ్ళ మాటల్లోంచే పది పన్నెండు ప్రశ్నలు ఏరి, ఆ తర్వాతే ఎక్కువ మందిని, వాళ్ళు ఇంటికి చేరాక, చదివి వినిపించి అడగమంటాను. ఒక్కటే చేసే వీలుంటే ఇంటి మాటే మేలు.

మేము అలా తయారుచేసిన మొదటి ప్రతిని ఆ బావి ఇంటికే తీసుకెళ్ళి చదివాను. ‘ఆయన కోసం మీ తిండిలో, నీళ్ళలో ఏమైనా మార్చుకున్నారా?’ అన్న ప్రశ్నకు ఆమె తల ఊపింది. పైన ‘సంరక్షకుల వివరాలు’ అన్న చోట మాత్రం ఆపి, అదెవరని అడిగింది. మీరేనన్నాను. ‘అలాగైతే పేషెంటు తాలూకు అని రాయండి, అందరికీ తెలుస్తాది’ అంది. అక్కడికక్కడే కొట్టేసి మార్చాను.