డాబా మీద రాగితీగ చట్రం: గుణదలలో నాలుగేళ్ల వీఎల్‌ఎఫ్ రేడియో అనుభవం

మా ఇల్లు విజయవాడ గుణదలలో. 2021 చివర్లో మా డాబా మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చట్రం నిలబెట్టి, దానికి 40 చుట్ల రాగితీగ చుట్టాను. అదే నా రేడియో యాంటెన్నా. అప్పటి నుంచి వానలకూ పండగ ప్రయాణాలకూ తప్ప దాన్ని ఆపలేదు. ఇది చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: "ఇంట్లో కూర్చుంటే నిజంగా ఏమైనా అందుతుందా?" అందుతుంది. ఏది అందుతుంది, ఏది అందదు, దానికోసం ఇంట్లో ఏమేం మార్చుకోవాల్సి వచ్చింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

వీఎల్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ దాకా ఉండే రేడియో తరంగాలు. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది కదా, ఇవి దానికి ఎంతో కింద ఉంటాయి. 18.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క అల పొడవే పదహారున్నర కిలోమీటర్లు. మా ఇంటి దగ్గర మొదలైతే కృష్ణ దాటి, మంగళగిరి కూడా దాటిపోతుంది. ఈ అలలు సముద్రపు నీటిలోకి కొన్ని మీటర్ల లోతు వరకు దిగుతాయి. అందుకే నౌకాదళాలు జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి వీటిని వాడతాయి. ఆ సందేశాలు రహస్య సంకేతాల్లో ఉంటాయి, వాటి జోలికి నేను పోను. సిగ్నల్ ఎంత బలంగా వస్తోందో రోజంతా కొలవడమే నా పని. ఈ తరంగాలు కింద నేల, పైన అయనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలోని విద్యుదావేశ పొర) అనే కప్పు, ఆ రెంటి మధ్య నుంచే ప్రయాణిస్తాయి. పగలు ఆ కప్పు 70 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, రాత్రికి 85, 90 దాకా లేస్తుంది. దాన్ని పైకీ కిందికీ కదిలించేది సూర్యుడే. కాబట్టి కప్పు కదిలిందంటే, తెర మీద సిగ్నల్ బలాన్ని చూపే నా గీత కదులుతుంది.

సామాను విషయం. తీగ కోసం ఆటోనగర్‌లో మోటార్లు వైండింగ్ చేసే షాపుకు వెళ్లాను. 24 గేజ్ ఎనామెల్ తీగ, 160 మీటర్లు. అక్కడ కిలో లెక్కన అమ్ముతారు, నాది 350 గ్రాములు తూగింది. "ఏ మోటారుకయ్యా?" అని అడిగారు షాపు పెద్దాయన. "మోటారుకు కాదు బాబాయ్, రేడియోకి" అన్నాను. చెప్పింది ఓపికగా విని, ఎనామెల్ గీరుకుపోకుండా ఎలా చుట్టాలో ఆయనే చూపించారు. ఆ సలహా వల్లే ఇన్నేళ్లలో ఒక్క చుట్టు కూడా షార్ట్ కాలేదు. చట్రం దగ్గరే ఎన్‌ఈ 5534 ఐసీతో చిన్న యాంప్లిఫయర్ పెట్టాను. దానికి మొదట 9 వోల్టుల బ్యాటరీలు రెండు వాడితే అయిదారు రోజులకే అయిపోయేవి. ఇప్పుడు 12 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది, నెలకోసారి ఛార్జింగ్ పెడితే చాలు. అక్కడి నుంచి టీవీ కేబుల్ కింద గదిలోకి దిగి, ఒక ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ గుండా పాత ల్యాప్‌టాప్ సౌండ్ కార్డులోకి వెళుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మానొద్దు. అది పెట్టకముందు 50 హెర్ట్జ్ హమ్ముతో తెర నిండిపోయేది.

సౌండ్ కార్డు కొనేటప్పుడు జాగ్రత్త. పెట్టె మీద 96 కిలోహెర్ట్జ్ అని రాసి ఉందని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. (కార్డు సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్నది ఆ అంకె, అందులో సగం దాకా ఉన్న తరంగాలే అందుతాయి.) తీరా చూస్తే 20 కిలోహెర్ట్జ్ దాటాక ఏమీ తీసుకోలేదు. మన ప్రాంతంలో బలంగా అందే రెండు స్టేషన్లూ 20 లోపే ఉన్నాయి కాబట్టి, ల్యాప్‌టాప్‌లో ఉండే మామూలు 48 కిలోహెర్ట్జ్ కార్డుతోనే మొదలుపెట్టవచ్చు. సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రమ్ ల్యాబ్, అది ఉచితం. మొదటి వారం దాని మెనూలు చూసి తల తిరిగింది. అలవాటయ్యాక దాన్ని మించినది నాకు కనపడలేదు.

ఆ రెండు స్టేషన్లలో మొదటిది తమిళనాడు తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో ఉన్న మన నౌకాదళ కేంద్రం, ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్. 1990 నుంచి ఉంది. 18.2 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఇక్కడికి దాదాపు 950 కిలోమీటర్లు. బలంగానే వస్తుంది కానీ మధ్య మధ్య ఆగిపోతుంది. రెండోది ఆస్ట్రేలియా పశ్చిమ కొసన ఎక్స్‌మౌత్‌లో ఉన్న ఎన్‌డబ్ల్యూసీ అనే నౌకాదళ స్టేషన్, 19.8 కిలోహెర్ట్జ్, పది లక్షల వాట్లు. నడి టవరు ఎత్తు 387 మీటర్లు. మనకు ఆగ్నేయంగా 5,600 కిలోమీటర్ల దూరం, అందులో ఎక్కువ భాగం సముద్రమే. నేను చట్రాన్ని దానివైపే తిప్పి ఉంచాను, నా రోజువారీ గీత దానిదే. అలా తిప్పడం వల్ల ఈశాన్యాన ఉన్న జపాన్ స్టేషన్, 22.2 కిలోహెర్ట్జ్‌ది, చాలా సన్నగా వస్తుంది. రెండూ కావాలంటే ఇంకో చట్రం పెట్టుకోవాలి.

ఇక అసలు కష్టం ఇంట్లోనే ఉంది. మొదటి ఆరు నెలలు నేను విన్నది సముద్రం అవతలి స్టేషన్లను కాదు, మా వీధిని. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఫ్యాను రెగ్యులేటర్, ఇండక్షన్ స్టవ్, ఎదురు అపార్ట్‌మెంట్ లిఫ్టు, ప్రతిదానికీ తెర మీద ఒక ఆనవాలు ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపేసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ, ఒక్కో స్విచ్చూ వేసి ఎవరి గీత ఏదో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. హాల్లో మూడు బల్బులు మార్చాను. బెడ్‌రూమ్ ఫ్యానుకు పాత పద్ధతి రెగ్యులేటర్ పెట్టించాను. 15.6 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గీత మాత్రం ఎంతకీ అంతుపట్టలేదు. రోజూ సాయంత్రం ఆరున్నరకు వచ్చి పదింటికి పోయేది. అది పక్కింటి మామ్మగారి పాత పెట్టె టీవీ. ఆ టీవీల్లో తెర మీద గీతలు సెకనుకు 15,625 సార్లు గీస్తారు, ఆ లెక్కే నా దగ్గర కనిపించింది. ఆవిడ సీరియల్ టైము నాకు తెర మీదే తెలిసిపోయేది. 2023లో వాళ్లు కొత్త టీవీ కొన్నారు, గీత పోయింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఏదో వెలితిగా అనిపించింది.

కరెంటు పోతే వచ్చే నిశ్శబ్దం గురించి చెప్పకుండా ఉండలేను. వేసవి రాత్రి ఏరియా మొత్తం కరెంటు పోయినప్పుడు, మా ఇన్వర్టర్ కూడా ఆపేసి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, ఎక్కడెక్కడి మెరుపులో నిప్పు మీద ఉప్పు చల్లినట్టు చిటపటలాడతాయి. వాటి మధ్య "టుయ్... టుయ్..." అని చిన్న మోతలు. వీటిని ట్వీక్‌లు అంటారు. మెరుపు పుట్టించే రేడియో తరంగం నేలకూ అయనోస్ఫియర్‌కూ మధ్య తగులుతూ వేల కిలోమీటర్లు వచ్చేసరికి అలా సాగుతుంది. రాత్రిపూటే వినిపిస్తాయి, తెర మీద 1.7 కిలోహెర్ట్జ్ దగ్గర కొక్కెంలా వంగి ఆగుతాయి. ఉక్కపోతలో ఇంట్లో అందరూ మెట్ల మీదికి చేరితే, మా అమ్మాయి ఒక చెవికి, నేను ఒక చెవికి పెట్టుకుని గంటసేపు విన్నాం.

2024 మే 10 నాటి సంగతి కొంచెం వివరంగా రాయాలి. పోలింగ్ 13న. వీధిలో ప్రచారం ఆటోలు మైకులతో తిరుగుతున్నాయి. మధ్యాహ్నం పన్నెండుంపావు దాటాక ఎన్‌డబ్ల్యూసీ గీత ఒక్కసారిగా లేచింది. కొన్ని నిమిషాల్లో పైకి, ఆ తర్వాత మెల్లగా, గంట దాటినా ఇంకా దిగుతూనే ఉంది. సౌర జ్వాల, అంటే సూర్యుడి మీద జరిగే పేలుడు, దాని నుంచి వచ్చే ఎక్స్‌ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి చేరి, అయనోస్ఫియర్ అడుగు పొరను గట్టిపరుస్తాయి. అప్పుడు ఇలా జరుగుతుంది. తర్వాత అమెరికా గోస్ ఉపగ్రహం లెక్కలు చూస్తే ఎక్స్3.9 తరగతి జ్వాల (ఎక్స్ అంటే అన్నిటికన్నా బలమైన తరగతి), మన టైము ప్రకారం 12:24కు పతాక స్థాయి. నా గీత శిఖరం దాని వెనకాలే ఉంది. మర్నాడు పొద్దున 6:53కు ఇంకా పెద్దది, ఎక్స్5.8. పాలు కాచుకుంటూ వంటింట్లో ఉన్నాను, అమ్మాయి "నాన్నా, మళ్లీ లేచింది!" అని అరిచింది. ఆ రోజుల్లో లదాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిందని పేపర్లలో వచ్చింది. మా గుణదలలో ఆకాశం మామూలుగానే ఉంది. మాకు కనిపించింది ఆ గీతే. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరం నుంచి చూసే సూర్యుడి పనిని, 350 గ్రాముల తీగతో డాబా మీద నుంచి నేనూ చూడగలుగుతున్నాను. ఈ నాలుగేళ్ల శ్రమకు నాకు అది చాలు.

అందనివి కూడా చెప్పాలి. రాత్రి వచ్చే జ్వాలలు మనకు కనపడవు, సూర్యుడు మనవైపు ఉండాలి. విజిలర్లు, అంటే మెరుపు శక్తి భూ అయస్కాంత రేఖల వెంట పోయి ఈల వేస్తూ వచ్చే మోతలు, నాలుగేళ్లలో ఒక్కటీ వినలేదు. మనం అయస్కాంత మధ్యరేఖకు బాగా దగ్గర. వారణాసి, నైనిటాల్‌లలో శాస్త్రవేత్తలు నమోదు చేశారు గానీ ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు. స్వీడన్‌లోని గ్రిమెటన్ స్టేషన్ 1924 నాటి తిరిగే యంత్రంతో ఏటా క్రిస్మస్ ముందురోజు 17.2 కిలోహెర్ట్జ్ మీద సందేశం పంపుతుంది. మూడుసార్లు కాచుకుని కూర్చున్నాను, రాలేదు. మనకు అప్పుడు పట్టపగలు, దూరం కూడా ఎక్కువ.

పిడుగుల విషయంలో మాత్రం రాజీ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలుల సాయంత్రాలు మబ్బు కనపడకముందే హెడ్‌ఫోన్‌లో చిటపటలు దట్టమవుతాయి. అవి మొదలవగానే కేబుల్ పీకేసి బయట పడేస్తాను. తెర మీద ఎంత మంచి గీత వస్తున్నా సరే.

వికారాబాద్ దగ్గర దామగుండంలో నౌకాదళం రెండో వీఎల్‌ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివాళ్లు పడుతున్న బాధ చిన్నది కాదు, వాళ్ల మాట వినాలి. అది మొదలైతే మాత్రం తెలుగు రాష్ట్రాల్లో ఏ డాబా మీద నుంచైనా సిగ్నల్ పట్టడం చాలా తేలికవుతుంది.

నా చట్రం మొదట పీవీసీ పైపుది. రోహిణి ఎండకు రోళ్లే పగులుతాయంటారు, రెండో వేసవికే పైపులు వంగి తీగ వదులైపోయింది. ఇప్పుడున్నది పాత తలుపు ద్వారబంధం నుంచి తీయించిన టేకు చట్రం, రెండు వేసవులు చూసినా ఇంకా చెక్కుచెదరలేదు. మీరు చేయించుకుంటే మొదటే కలపతో చేయించుకోండి.