కళ్లముందు నింపిన కన్నోలో: సిసిలీలో మా తీపి యాత్ర

ఇటలీ ద్వీపం సిసిలీలోని పాలెర్మో నగరంలో దిగిన రోజే పొరపాటు చేశాం. పెద్ద చర్చి దగ్గర ఒక కేఫ్‌లో, అద్దాల అరలో పేర్చిన కన్నోలీ చూసి ఆగలేకపోయాం. కరకరలాడేలా వేయించిన గొట్టంలో రికోటా అనే మెత్తటి జున్ను కూరిన మిఠాయి అది; ఒక్కటైతే కన్నోలో. ఎప్పుడు నింపి పెట్టారో, గొట్టం తేమకు మెత్తబడి, తడిసిన అప్పడంలా సాగింది. పైగా కూర్చున్నందుకు మనిషికింత అని బిల్లులో వేశారు. అందుకే ఇటలీలో చాలామంది కౌంటర్ దగ్గర నిలబడే తింటారు.

మర్నాడు పియాజ్జా బెల్లీనీలోని సాంతా కతెరీనా మఠానికి వెళ్లాం. ఒకప్పుడు డొమినికన్ సన్యాసినులు ఉన్న చోటు. లోపలి మిఠాయి కొట్టులో పాలెర్మో మఠాల పాత వంటకాలు చేసి అమ్ముతారు. మేం అడిగాకే కొట్టులో ఉన్నామె ఖాళీ గొట్టం చేతిలోకి తీసుకుంది. గొర్రెపాల రికోటాను ఒక కొస నుంచి కూరి, తిప్పి రెండో కొస నుంచీ కూరి, చక్కెరపాకంలో ఊరిన నారింజ తొక్క అద్దింది. ఫౌంటెన్ ఉన్న ప్రాంగణంలో కూర్చుని కొరికితే పటుక్కున విరిగింది. లోపల చల్లటి రికోటా, గొర్రెపాల వాసన సన్నగా తెలుస్తూ. సిసిలీ మొత్తంలో నాకు ఇంతకు మించింది దొరకలేదు. ఎదురుగానే మార్తొరానా చర్చి. బాదంపిండితో పళ్ల ఆకారంలో చేసే మిఠాయికి ఆ పేరు అక్కడి మఠం నుంచే వచ్చింది.

శాకాహారులు ఒకటి గమనించాలి. కన్నోలో గొట్టాన్ని సంప్రదాయంగా పందికొవ్వులో వేయిస్తారు. "స్త్రుత్తో", అంటే పందికొవ్వు, ఉందా అని ముందే అడగండి. మా అత్తయ్య గొట్టం వద్దని, బాదం మిఠాయితో సరిపెట్టుకుంది.

అక్కణ్నుంచి మోదికా అనే ఊరికి బస్సులో సగం రోజు పోతుంది, ఆదివారం బస్సులు తక్కువ. గది ఊరి పైభాగంలో తీసుకున్నాం. కిటికీ తెరిస్తే లోయంతా దీపాలే, ఇంటావిడ ఎంతో ఆదరంగా చూసుకుంది. కానీ పెట్టెలతో ఆ మెట్లు ఎక్కడం పెద్దవాళ్లకు నరకం. మళ్లీ వెళితే కింద కోర్సో ఉంబెర్తో వీధిలోనే దిగుతాను. 1880 నాటి బొనాయుతో చాక్లెట్ కొట్టు కూడా ఆ వీధిలోనే ఉంది. మోదికా చాక్లెట్‌ను ఎక్కువ వేడి చేయరు కాబట్టి చక్కెర కరగదు. పంటి కింద పలుకులు పలుకులుగా తగులుతుంది. దాల్చినచెక్క వేసింది తప్పకుండా కొనండి.

చివరి ఉదయం నోతో ఊళ్లో బాదం గ్రనీతా (పలుకుల మంచులా ఉండే చల్లటి తీపి), వేడి బ్రియోష్ (మెత్తటి బన్ను). పైనున్న బుడిపె తుంచి గ్రనీతాలో ముంచుకోవాలని పక్కన నిలబడ్డ పెద్దాయన చేసి చూపించాడు. అత్తయ్య ఆయన చూపినట్టే తిని, రెండో గ్లాసు తెప్పించుకుంది.