పర్లాకిమిడిలో మా ఇంటి కిటికీలు: ఆరేళ్ల వాడకం తర్వాత

2018 అక్టోబరు 11, తిత్లీ తుఫాను వచ్చిన తెల్లవారుజాము. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. మా పడకగది కిటికీకి మంచం నిలబెట్టి ఆనించి, మా ఆయనా అబ్బాయీ తెల్లారేదాకా దానికి భుజాలు ఒత్తి నిలబడ్డారు. పలాస దగ్గర తీరం దాటేటప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు ఉందని తర్వాత పేపర్లో చదివాం. ఆ గాలికి మా కిటికీ రెక్క విరగలేదు, గడియ కూడా విరగలేదు. గడియని పట్టుకున్న చెక్కే మెత్తబడిపోయి, మేకులతో సహా ఊడి వచ్చేసింది. పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంది. ఆ ఏడాది ఉగాదికే వేయించాం మరి.

ఆ తర్వాత నాలుగైదు నెలలు కిటికీల గురించి ఆలోచించడమే నా పని అయింది. 2019 ఫిబ్రవరిలో పాడైనవి తీయించి, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాం. ఇప్పటికి ఆరేళ్లు దాటింది. మా వైపు పాత ఇళ్లున్నవాళ్లు చాలామంది ఇదే అవస్థలో ఉన్నారు కాబట్టి, ఏది బాగుంది, ఏది బాగోలేదు, ఎక్కడ మోసపోయాం అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా మావయ్యగారు ఈ ఇల్లు 1984లో కట్టించారు. మొత్తం 11 కిటికీలు. వీధివైపు నాలుగూ వేగిస కలపతో చేయించారు. వెనకవైపుకి వచ్చేసరికి డబ్బు చాలక దొరికిన కర్రతో కానిచ్చారట. తుఫాను తర్వాత అందరూ "ఎలాగూ పని పెట్టుకున్నారు, అన్నీ మార్చేయండి" అన్నారు. మా అత్తయ్యగారు మాత్రం "ముందువాటి జోలికి వెళ్లకండమ్మా, అవి మీ మావయ్యగారు దగ్గరుండి చేయించినవి" అన్నారు. అది అభిమానం కొద్దీ అన్నమాట అనుకున్నాను. పరీక్ష చేస్తే ఆవిడ చెప్పిందే నిజమని తేలింది.

పరీక్ష అంటే పెద్దదేం కాదు. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి ఫ్రేము అడుగుభాగంలో, రెండు మూలల దగ్గర గట్టిగా పొడిచాను. కిటికీ ఎప్పుడూ కిందనుంచే పాడవుతుంది, నీళ్లు నిలిచేది అక్కడే కాబట్టి. వేగిస ఫ్రేములకి మొన దిగలేదు. వెనకవైపు వాటిలో కొన్నింటికి రెండంగుళాలు వెన్నలోకి దిగినట్టు దిగింది. ఇంకో రెండింటిని వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. రంగు పొర గీకితే లోపల చెద మట్టి. ఊచలు ఫ్రేములోకి దిగినచోట ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కర్రని నిలువునా చీల్చేసింది. ఇలాంటివి ఏడు లెక్క తేలాయి. ఆ ఏడింటికీ ఇక రిపేరు లేదు. పుట్టీ పెట్టి రంగు వేస్తే మళ్లీ మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

వానాకాలంలో రెక్క బిగుసుకుపోవడం మాత్రం కిటికీ మార్చడానికి కారణం కాదు. కర్ర తేమకి ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ తగ్గుతుంది. శ్రావణంలో చిత్రిక పట్టించేస్తే వైశాఖంలో అక్కడ సందు తేలుతుంది. గాజు పగలడం, బందులు వదులవడం కూడా చిన్న రిపేర్లే. గోడ చెమ్మ విషయంలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. సన్‌షేడ్ అడుగు అంచున నీటిగాడి (చుక్క అక్కడే తెగి కిందపడేలా చేసే సన్నటి గాడి) లేకపోతే వానచుక్క సన్‌షేడ్ కిందుగా పాకి గోడ మీదికి దిగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కిటికీ పెట్టినా ఆ చెమ్మ పోదు.

వేగిస కిటికీలు నాలుగింటికీ పాతపట్నం నుంచి వచ్చిన వడ్రంగి రెక్కల అడుగు పట్టీలు మార్చి, ఒకదానికి ఫ్రేము కింద అర అడుగు కోసి అతుకు వేశాడు. అవిసె నూనె రెండుసార్లు పట్టించాం. ఈ రోజుకీ గట్టిగా ఉన్నాయి. మే నెలలో ఇంట్లో చల్లగా ఉండేది ఆ కిటికీలున్న గదే.

ఇక మొదటి కాంట్రాక్టరు సంగతి. తుఫాను తర్వాత మా ప్రాంతంలో పనివాళ్లకి క్షణం తీరిక లేదు. తిరిగే ఓపిక లేక, చదరపు అడుగుకి 430 రూపాయలు అన్న ఒకాయనకి ముందు వంటింటి కిటికీ ఒక్కటీ ఇచ్చాం. ఆయన పనివాడు వచ్చి టేపు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి వెళ్లిపోయాడు. పాత గోడ ఎక్కడా సమంగా ఉండదు కదా. తీరా కిటికీ వచ్చాక చూస్తే ఒక పక్క ముప్పావు అంగుళం, కింద అంగుళం పైనే సందు. ఆ సందులో సిమెంటు కుక్కి, పైన సందులు మూసే సిలికాన్ పూసి, చూడ్డానికి బాగానే కనిపించేట్టు చేసి డబ్బు పట్టుకెళ్లారు. జనవరిలో అకాల వాన ఒక్కటి పడింది. పొద్దున్న లేచి చూస్తే స్టవ్ గట్టు మీద నీళ్లు, పోపుల డబ్బా అడుగున నీళ్లు. ఫోన్ చేస్తే మొదట రేపన్నారు, తర్వాత ఎత్తడం మానేశారు. మిగతా ఆరు కిటికీలు ఇవ్వకపోవడం మా అదృష్టం.

ఆ దెబ్బతో రెండోసారి నెమ్మదిగా వెళ్లాం. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న ఊరు కాబట్టి ఇది కొంచెం కష్టమే. బరంపురం వాళ్లకి మేం దూరం, శ్రీకాకుళం వాళ్లకి మేం పక్క రాష్ట్రం. వారంటీ కాగితం మీద పదేళ్లని రాసి ఉన్నా, రెక్క కింద ఉండే ఒక్క చిన్న చక్రం (రోలరు) మార్చడానికి అంత దూరం నుంచి ఎవరూ కదలరు. అందుకని నేను అడిగిన మొదటి ప్రశ్న ధర కాదు, "మా ఊళ్లో మీరు చేసిన ఇళ్లు ఎన్ని, రెండు మూడు వానాకాలాలు చూసిన ఇల్లు ఏది" అని. ఇద్దరు ఫోటోలు పంపారు. ఒకాయన మాత్రం ఒక ఇంటికి తీసుకెళ్లి, బయటే నిలబడి, నన్ను ఒక్కదాన్నే లోపలికి పంపారు. ఆ ఇంటావిడ కర్టెను తీసి కిటికీ అడుగు గోడ చూపించింది. ఎక్కడా చెమ్మ మరక లేదు. ఒక రెక్క గాజు పగిలితే మూడు వారాలకి వచ్చి మార్చారని కూడా చెప్పింది. ఆలస్యమే, కానీ వచ్చారు. నాకు ఆ మాట చాలు.

ఆయనది టెక్కలి, షెడ్డు బరంపురంలో. మా ఇంటికి తనే స్వయంగా వచ్చారు. ప్రతి కిటికీకి అడ్డంగా మూడుచోట్ల, నిలువుగా మూడుచోట్ల కొలిచి, మూలనుంచి మూలకి కూడా టేపు పెట్టి, అన్నింటిలోకీ చిన్న కొలత గోడ మీద సుద్దముక్కతో రాశారు. తర్వాత "అమ్మా, ఒక గ్లాసు నీళ్లివ్వండి" అన్నారు. దాహమేమో అని మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆయన ఆ నీళ్లు తీసుకెళ్లి పడకగది కిటికీ గట్టు మీద మెల్లగా పోశారు. నీళ్లు ఒక్క క్షణం ఆగి, తిన్నగా గదిలోపలికి జారి గోడమీదుగా దిగాయి.

"కిటికీ నేను పెడతాను గానీ, నీళ్లని లోపలికి రమ్మంటోంది మీ గట్టేనమ్మా. ముందు మేస్త్రిని పిలిచి ఈ గట్టు బయటికి వాలు వచ్చేట్టు కట్టించండి. అది ఆరాక పది రోజులకి నాకు ఫోన్ చేయండి" అన్నారు.

పని పోగొట్టుకునే మాట అది. వేరేవాళ్లయితే అడ్వాన్సు తీసుకుని కొలతలు పంపేసేవారు. ముందుగది కిటికీలు చూసి "వీటికి నా అవసరం లేదు" అని కూడా తనే అన్నారు. మా అత్తయ్యగారు ఆ రోజు ఆయనకి భోజనం పెట్టి పంపారు.

కొటేషన్ కాగితం మీద ఒక్కో కిటికీ కొలత విడివిడిగా రాయించుకున్నాం. యూపీవీసీ ప్రొఫైలు (ఫ్రేముకి వాడే గొట్టం) పేరు, లోపల గాల్వనైజ్డ్ స్టీలు పెడుతున్నారా లేదా, గాజు ఎన్ని మిల్లీమీటర్లు, దోమల జాలీ ధరలో కలిసిందా లేదా, అన్నీ అందులోనే. స్టీలు గురించి తప్పకుండా అడగండి. యూపీవీసీ ఉత్తి ప్లాస్టిక్ గొట్టం, లోపల స్టీలు లేకపోతే పెద్ద రెక్క గాలికి వంగుతుంది. కొందరు కొలతని అర అడుగుకి పెంచి లెక్క కడతారు, అది కూడా ముందే తేల్చుకోవాలి. మాకు ఆరు కిటికీలు కలిపి 88 చదరపు అడుగులు. ఈశాన్యం గాలి తగిలే పడకగదిలో రెండు తెరిచే రకం, అడుగుకి 680. మిగతా నాలుగూ పక్కకి జరిపేవి, 520. 18 శాతం జీఎస్టీతో 60,000 దాటింది. గ్రిల్స్, మేస్త్రి కూలి వేరే. సగం ముందు, 40 శాతం సామాను దిగాక, మిగతా 10 శాతం పైపుతో నీళ్లు కొట్టి చూశాక ఇస్తామన్నాం. ఒప్పుకున్నారు. బిగించిన మూడో రోజు బయటనుంచి ఒక్కో కిటికీ మీద పది నిమిషాలు పైపు పట్టాం. ఒక మూల చుక్క కనిపించింది. అప్పటికప్పుడు సిలికాన్ గీకించి మళ్లీ వేయించి, అప్పుడు డబ్బు తీసుకున్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు కళ్లు తెరిపించింది వంటింటి కిటికీ. దాన్ని పారేయాల్సి వస్తుందనుకున్నాను. టెక్కలి ఆయన చూసి "కిటికీకి ఏం రోగం లేదమ్మా" అని, జాగ్రత్తగా ఊడదీయించి, మేస్త్రితో గోడని ఫ్రేముకి సరిపడేట్టు సరిచేయించి, గట్టుకి వాలు ఇప్పించి, అదే కిటికీని మళ్లీ బిగించారు. అదే ప్రొఫైలు, అదే గాజు. ఆరేళ్లలో ఒక్క చుక్క రాలేదు. బ్రాండు గురించి నెల రోజులు టెన్షన్ పడ్డాను గానీ, నీళ్లు ఆపేది ఫ్రేముకీ గోడకీ మధ్య ఆ అర అంగుళంలో చేసిన పనే.

అసలు పరీక్ష 2021 సెప్టెంబరు 26న, గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి. కరెంటు పోయింది. టార్చి, పొడిగుడ్డ పట్టుకుని ఒక్కో కిటికీ కింద తుడుస్తూ తిరిగాను. తెరిచే రకం రెండూ రాయిలా నిలిచాయి. గుడ్డ పొడిగానే ఉంది. జరిపేవాటిలో తూర్పుది మాత్రం ట్రాకు నిండి నీళ్లు లోపలికి పొంగాయి. పొద్దున్న చూస్తే ట్రాకులో నీళ్లు బయటికి పోయే చిన్న కన్నాల్లో ఒకదాన్ని కుమ్మరి పురుగు మట్టితో పూడ్చి గూడు కట్టుకుంది. చీపురు పుల్లతో పొడిస్తే గ్లాసుడు నీళ్లు ఒక్కసారిగా పోయాయి. అప్పటినుంచి ప్రతి ఏటా మృగశిర కార్తె రాకముందే ఆ కన్నాలన్నీ శుభ్రం చేస్తున్నాం. మళ్లీ పొంగలేదు.

బాగోలేనివీ చెప్పాలి. జరిపే రకంలో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, గాలి సగమే. పాత చెక్క రెక్కలు మూస్తే మిట్టమధ్యాహ్నం గది చీకటిగా, చల్లగా ఉండేది. ఇప్పుడు పడమటి గదిలో గాజులోంచి ఎండ నేరుగా దిగుతుంది. మందం కర్టెను వేసినా ఆ చల్లదనం రాదు. మళ్లీ చేయించుకుంటే పడమటి వైపు మాత్రం చెక్కతోనే చేయిస్తాను. తెరిచే రకం బయటికి తెరుచుకుంటుంది కాబట్టి గ్రిల్ లోపల పెట్టాలి. గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టి హ్యాండిల్ తిప్పాలి. మా అత్తయ్యగారికి చేతి గాజులు అడ్డుపడి చెయ్యి గీసుకుపోయింది. ఆ తర్వాత వెల్డరుతో ఆ ఒక్కచోట రెండు ఊచల మధ్య సందు కొంచెం పెంచించాం. ముందే ఆలోచించి ఉంటే ఆవిడకి ఆ బాధ తప్పేది.

నాలుగో ఏడు వెనకగది కిటికీ రోలర్లు అరిగి రెక్క గీరుకుంటూ కదిలేది. ఆయన బరంపురం నుంచి వేరే పని మీద వచ్చినప్పుడు రెండు రోలర్లు మార్చి వెళ్లారు, సామాను డబ్బులే తీసుకున్నారు. దోమల జాలీ ఫైబరుది రెండేళ్లకే కోతులు చింపేశాయి. మా వైపు మలేరియా భయం ఉంది కనక జాలీ లేకుండా ఒక్క రాత్రి కూడా ఉండలేం. స్టీలు జాలీ వేయించాం, అది నిలిచింది. మీ ఊళ్లో కోతులుంటే మొదటే స్టీలుది అడగండి. ప్రొఫైలు రంగు ఇంకా తెల్లగానే ఉంది, పడమటి వైపు చూసినా పచ్చబడలేదు. చెద మళ్లీ కనిపించలేదు.

ఇప్పుడు పడమటి రెండు కిటికీల బయట సిలికాన్ ఎండకి ఎండి అంచుల్లో సన్నగా లేచింది. గోరు పెడితే తెలుస్తోంది. రబ్బరు కూడా ఒక మూల గట్టిపడింది. ఫోన్ చేశాను, సంక్రాంతికి ముందు వస్తానన్నారు. ఆయన వచ్చిన రోజే వడ్రంగినీ పిలిచి, ముందుగది కిటికీలకి మళ్లీ అవిసె నూనె పట్టించాలి.