పాత షెవెల్‌కి 5.3 లీటర్ల ట్రక్కు ఇంజన్: కొనొచ్చా, కొంటే ఏం చూసుకోవాలి

1968-72 షెవెల్ లాంటి పాత షెవర్లే మజిల్ కారుకి (పెద్ద ఇంజన్ పెట్టిన అమెరికన్ కారుకి) తక్కువ ఖర్చులో ఇంజన్ మార్చాలంటే ముందుగా చూడాల్సింది జంక్‌యార్డులో దొరికే 5.3 లీటర్ల ఎల్ఎం7. 1999 నుంచి 2007 దాకా సిల్వరాడో, సియెరా, టాహో, సబర్బన్‌లలో జనరల్ మోటార్స్ బిగించిన ఇంజన్ ఇది. అమెరికాలో ఏ ఊరి యార్డుకి వెళ్లినా ఒకటి రెండు కనబడతాయి. మా మాట: కొనొచ్చు, ధైర్యంగా కొనొచ్చు. కాకపోతే ఇంజన్ ఒక్కటే తెచ్చుకుని మిగతావి తర్వాత చూసుకుందాం అనుకుంటే చవక బేరం కాస్తా ఖరీదైపోతుంది. కంప్యూటర్, వైరింగు, త్రాటిల్ బాడీ, యాక్సిలరేటర్ పెడల్, వీలైతే గేర్‌బాక్సు, అన్నీ ఒకే బండి నుంచి ఒకేసారి విప్పి తెచ్చుకోవాలి.

బ్లాకు పోత ఇనుము, హెడ్లు అల్యూమినియం. బోరు 3.78 అంగుళాలు, స్ట్రోకు 3.622. ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్. 1972 షెవెల్‌లో రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో వచ్చిన 350 ఇంజన్ నెట్ లెక్కన (ఎగ్జాస్టు, ఫ్యాను లాంటివన్నీ తగిలించి కొలిచినప్పుడు) 165 హార్స్‌పవరే అని గుర్తుపెట్టుకుంటే, లోపల ఏమీ ముట్టుకోకుండానే ఎంత లాభమో అర్థమవుతుంది.

యార్డులో ముందు బండి విన్ నంబరులో (బండి గుర్తింపు నంబరులో) ఎనిమిదో అక్షరం చూడండి. టీ అయితే ఎల్ఎం7. జెడ్ అయితే ఎల్59, అంటే అదే ఇంజన్ ఈ85 ఇంధనానికి తయారైన రూపం, ఇంజెక్టర్లు పెద్దవి, దొరికితే వదలకండి. బీ అయితే 2005-07లో వచ్చిన ఎల్33. అల్యూమినియం బ్లాకు, 310 హార్స్‌పవర్. అరుదు కాబట్టి ధర ఎక్కువ. వీ అంటే 4.8 లీటర్లది. బయటికి 5.3 లాగే ఉంటుంది, అమ్మేవాళ్లు కూడా పొరబడుతుంటారు. యూ అంటే 6.0 లీటర్ల ఎల్‌క్యూ4. బలమైనదే, కానీ బరువులు లాగిన పెద్ద ట్రక్కుల నుంచి వస్తుంది కాబట్టి అరుగుదల ఎక్కువగా ఉండొచ్చు, ధరా ఎక్కువే. 2007 తర్వాతి కొత్త తరం 5.3లలో చాలావాటికి నాలుగు సిలిండర్లను ఆపే ఏర్పాటు ఉంటుంది. అందులో వాల్వుల్ని ఎత్తే లిఫ్టర్లు పాడైతే కామ్‌షాఫ్టు దాకా తింటాయి. తక్కువ బడ్జెట్టు పనికి అది వద్దు.

కొనేముందు ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూడండి. ఎనిమిది సిలిండర్లూ ఒకదానికొకటి 15 శాతం తేడాలోపు ఉండాలి. ఆయిల్ పోసే మూత అడుగున పాల మీగడలా తేటతెల్లటి జిగురు కనిపిస్తే అనుమానించాల్సింది హెడ్లని. 706 పోత నంబరు ఉన్న హెడ్లలో కాస్టెక్ అనే కంపెనీ పోతపోసిన కొన్ని, రాకర్ కవర్ కింద చీలి కూలెంట్‌ని ఆయిల్లోకి వదులుతాయి. అన్ని 706లూ అలా కాదు, కాస్టెక్ గుర్తు ఉన్నవే జాగ్రత్త. 862 హెడ్లకి ఆ బెడద లేదు. ఎగ్జాస్టు మానిఫోల్డు బోల్టులు కూడా లెక్కపెట్టండి. చివరి సిలిండరు దగ్గరి బోల్టు తల విరిగిపోవడం ఈ ఇంజన్లకి మామూలే. ఎం8 బోల్టే కాబట్టి ఇంజన్ బయట ఉండగా తీయడం గంట పని, కారులోకి దించాక తీయడం నరకం.

ఇప్పుడు అసలు ఖర్చు. ట్రక్కు ఆయిల్ పాన్ లోతుగా ఉంటుంది, షెవెల్ క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేము అడ్డకమ్మీకి) తగులుతుంది, కింద రోడ్డుకీ దగ్గరగా వేలాడుతుంది. 1998-2002 కమారో పాన్ గానీ హోలీ కంపెనీ 302 సిరీస్ పాన్ గానీ వేయాలి. పాన్‌ని బిగించేటప్పుడు దాని వెనక అంచు బ్లాకు వెనక అంచుతో సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోండి. గేర్‌బాక్సు బెల్ హౌసింగు బోల్టులు పాన్‌కి కూడా పడతాయి, తేడా ఉంటే పాన్ చెవి విరుగుతుంది.

పాన్ తీసినప్పుడు ఒక్క పని తప్పక చేయండి. ఆయిల్ పీల్చే గొట్టం పంపులోకి దూరే చోట వేలి ఉంగరమంత ఓ-రింగు ఉంటుంది. పాతికేళ్ల వేడికి అది ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడి, నొక్కితే పెళుసుగా విరుగుతుంది. అక్కడ గాలి పీలిస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పోతాయి. కొత్త పాన్‌కి వేసే గొట్టానికి సరిపడే మందం ఓ-రింగే కొనండి. దానికి ఆయిల్ రాసి గొట్టాన్ని నిటారుగా చేత్తో నొక్కాలి. బోల్టుతో లాగి కూర్చోబెడితే రింగు మడతపడి కోసుకుపోతుంది. కొన్ని డాలర్ల రింగు ఇది, దీని కోసం ఇంజన్‌ని పోగొట్టుకోవద్దు.

మౌంటింగుల విషయానికొస్తే పాత షెవర్లే మౌంట్లకి సరిపోయే అడాప్టర్ ప్లేట్లు చవకగా దొరుకుతాయి. ట్రక్కు బెల్టు వరస మాత్రం చాలా ముందుకు పొడుచుకొస్తుంది, కార్వెట్‌ది కంటే ఒకటిన్నర అంగుళం ఎక్కువ. కింద ఉండే ఏసీ కంప్రెసర్ షెవెల్ ఫ్రేముకి తగులుతుంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఏసీ లేకుండా వేసవిలో తిరగడం అయ్యే పని కాదు. అందుకే కంప్రెసర్‌ని పైకి మార్చే బ్రాకెట్టుని మొదటి రోజే బడ్జెట్టులో రాసుకోండి.

ఇంధనం దగ్గర చాలామంది పొదుపు చేసి చెడతారు. ఈ ఇంజన్‌కి 58 పీఎస్ఐ ఇంధన ప్రెషర్ కావాలి, కార్బురేటర్ పంపుతో కుదరదు. పాత ట్యాంకులో అడ్డు గోడలు లేవు కాబట్టి, బయట పంపు తగిలిస్తే పావు ట్యాంకు ఉన్నప్పుడు మలుపు తిరిగేసరికి పెట్రోలు పక్కకి పోయి ఇంజన్ ఆగుతుంది. ఇంజెక్షన్‌కి తయారైన ట్యాంకు, లోపలే పంపు, 1999-2003 కార్వెట్ ఫిల్టరు (ప్రెషర్ రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది) వేస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. గొట్టం మామూలు పెట్రోలు గొట్టం కాకుండా ఇంజెక్షన్ ప్రెషర్‌ని తట్టుకునే 30ఆర్9 రకం వేయండి.

వైరింగుకి భయపడక్కర్లేదు. 2003 నుంచి త్రాటిల్ కేబుల్‌తో కాక కరెంటుతో నడుస్తుంది. పెడల్, దాని మాడ్యూలు, త్రాటిల్ బాడీ, కంప్యూటర్ ఒకే సెట్టువై ఉండాలి. అంతకుముందు ఎక్కువగా కేబులే, పాత కారుకి అది తేలిక. కంప్యూటర్‌లో దొంగతనం నిరోధించే వాట్స్ అనే ఏర్పాటుని ట్యూనరు చేత తీయించాలి, లేకపోతే ఇంజన్ అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఇదంతా వద్దు, కార్బురేటరే ఇష్టం అనుకునేవాళ్లకి దానికి సరిపడే మానిఫోల్డు, స్పార్కు కోసం ఎంఎస్‌డీ 6010 పెట్టె ఉన్నాయి. కానీ అంత చేసేదుంటే పాత 350 క్రేట్ ఇంజనే (పెట్టెలో కొత్తగా వచ్చే రెడీ ఇంజనే) హాయి. కారులో ఇప్పటికే పాత షెవర్లే వీ8 ఉండి, ఆదివారం ఒక్క రౌండు తిప్పితే చాలనుకుంటే మౌంటింగులు, గేర్‌బాక్సు, ట్యాంకు ఏవీ మార్చకుండా అదే కూర్చుంటుంది. అలాంటివాళ్లు ఎల్ఎం7 జోలికి వెళ్లొద్దనే చెబుతాం.

కారులో ఉన్న పాత టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉంచుకోవచ్చు. ఈ ఇంజన్ క్రాంక్ అంచు పాతదానికంటే సుమారు 0.4 అంగుళం లోపలికి ఉంటుంది కాబట్టి స్పేసరు, దానికి తగ్గ ఫ్లెక్స్‌ప్లేటు (క్రాంక్‌ని కన్వర్టరుకి కలిపే పలక), పొడవు బోల్టులు వేయాలి. స్పేసరు మరిచిపోతే కన్వర్టరుకి ఆసరా లేక పంపు పాడవుతుంది. ట్రక్కుతో వచ్చే 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు వేస్తే 0.70 ఓవర్‌డ్రైవ్ దొరుకుతుంది, హైవే మీద తేడా తెలుస్తుంది. అయితే 3-4 క్లచ్చులు కాలిపోవడం దాని పాత జబ్బు. గేర్‌బాక్సు ఆయిల్ నల్లగా ఉండి మాడు వాసన కొడితే వదిలేయండి.

హెడ్ల ముందు నుంచి వచ్చే ఆవిరి గొట్టాన్ని మూసేయకండి. రేడియేటర్ పైభాగానికి కలపాలి, లేకపోతే గాలి బుడగలు హెడ్లో ఇరుక్కుని అక్కడక్కడా వేడెక్కుతుంది. పాత టెంపరేచర్ మీటరు సెన్సారుని కుడి హెడ్ వెనక ఉన్న మూత తీసి పెట్టుకోవచ్చు, ఎం12 మర. ఇన్‌టేక్ తీసినప్పుడు కింద రెండు సిలిండర్ల వరసల మధ్య లోయలో ఉండే రెండు నాక్ సెన్సార్లు చూడండి. నీళ్లు నిలిచి తుప్పు పట్టి ఉంటే అప్పుడే మార్చేయాలి.

పాత ఇంజన్లకిలా డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలో డ్రిల్లు పెట్టి ఆయిల్ ఎక్కించడం దీనికి కుదరదు, పంపు క్రాంక్‌తోనే తిరుగుతుంది. ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, మీటరు మీద ప్రెషర్ కనబడేదాకా కాస్త కాస్త ఆగుతూ స్టార్టర్ తిప్పండి. వేడెక్కాక కంపెనీ లెక్క ప్రకారం 1000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 6 పీఎస్ఐ, 2000 దగ్గర 18, 4000 దగ్గర 24 ఉండాలి. తర్వాత స్కానరుతో క్రాంక్ సెన్సారు రీలెర్న్ (కంప్యూటర్‌కి ఆ సెన్సారు లెక్కని మళ్లీ నేర్పించడం) చేయించకపోతే మిస్‌ఫైర్ కోడులు సరిగ్గా పనిచేయవు.

కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకి స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. 1976, ఆ తర్వాతి కమారో, మాలిబూ ఉన్నవాళ్లు మాత్రం ఇంజన్ కొనకముందే స్మాగ్ రెఫరీ దగ్గర అడిగి తెలుసుకోండి.