జెనోడో: కోడ్ రాసినవాళ్ళ పేరు నిలబెట్టే సేవ

చెన్నై తరమణిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పేపర్లో "మా ల్యాబ్ కోడ్ వాడాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఏ కోడ్, ఏ వెర్షన్, ఎక్కడుందని రివ్యూయర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

అప్పుడు పట్టుకున్నాను జెనోడోని. పరిశోధకుల కోడ్, డేటా భద్రపరిచే ఈ సేవని ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ సెర్న్ నడుపుతుంది. 2013 నుంచి ఉంది, ఉచితం. మా కోడ్ ఉన్న గిట్‌హబ్ సైటు ఖాతాని దానికి కలిపి 1.2 వెర్షన్ రిలీజ్ పెట్టాను, టీ తాగి వచ్చేసరికి డీఓఐ (ఎప్పటికీ మారని గుర్తింపు సంఖ్య) సిద్ధం. ప్రతి వెర్షన్‌కీ ఒక డీఓఐ, అన్నిటికీ కలిపి ఇంకొకటి ఇస్తుంది. పేపర్లో మాత్రం మీరు వాడిన వెర్షన్‌దే ఇవ్వండి. కోడ్‌ని రిఫరెన్సుల్లో ఎలా పేర్కొనాలో చెప్పే సైటేషన్ డాట్ సీఎఫ్‌ఎఫ్ (CITATION.cff) అనే ఫైల్లో కోడ్ రాసిన అందరి పూర్తి పేర్లూ ముందే రాసి పెట్టుకోండి, మర్చిపోవద్దు.

రెండేళ్లు ఆ కోడ్ రాసిన మా జూనియర్, రిఫరెన్సుల్లో తన పేరు చూసుకుని వెంటనే నెల్లూరులో వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు.