ఆదివారం గడినుడి: ఏళ్ళ తరబడి నింపాక

వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చే గూఢ గడినుడిని, అంటే మెలిక ఆధారాల పదాల గళ్ళను, ఇంగ్లీషు క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ అలవాటుతో పట్టుకుంటే సగం మజా పోతుంది. అక్కడ ఏడు వేర్వేరు అక్షరాలున్న మాటను 5040 రకాలుగా కలిపేయొచ్చు. మనకేమో గుణింతంతో సహా అక్షరమంతా ఒకే గడిలో కూర్చుంటుంది. గుంటూరుకు మూడే గళ్ళు, వాటిని ఎంత కలిపినా వచ్చేవి ఆరు వరసలు. అందుకే ‘తడబడి’, ‘చెల్లాచెదురై’ అంటూ అక్షరాలను కలగలపమనే ఆధారాలు కాఫీ చల్లారేలోపే తేలిపోతాయి. అవే ఎక్కువైన వారం గడి చప్పగా ఉంటుంది.

అసలు రుచంతా గుణింతం గుర్తుల్లోనే. కొమ్ము, గుడి, సున్న, తలకట్టు: ఇవి రాతలోనూ ఉన్నాయి, లోకంలోనూ ఉన్నాయి. “కోవెలకు కొమ్ము విరిగితే మనం నింపేది (2)” అంటే గుడిలో కొమ్ము తీసేయాలి, ‘గడి’ మిగులుతుంది; బ్రాకెట్లోది గళ్ళ లెక్క. “పండగకు సున్న రాలితే పాము విప్పేది (3)” అంటే పడగ. వీటికన్నా ఒక మెట్టు పైన ఉండేది “తిరుగుటపాలో వచ్చిన గానం (2)” లాంటిది. టపాను తిప్పితే పాట. చదవడానికి మామూలు వాక్యం, ఒక్క మాటా దండగ కాలేదు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు గడినుడులు కూర్చిన పీట ఇది. ఈ పాటి పనితనం ఆశించడం అత్యాశేం కాదు.

నింపేటప్పుడు ముందు అర్థం వాక్యం మొదట్లో ఉందా, చివర్లో ఉందా తేల్చుకోవాలి. నడిమధ్యలో ఉండడం అరుదు. మిగతాదంతా ఏం చేయాలో చెప్పే సూచనే. ‘లో’, ‘నడుమ’ కనబడితే దాగిన మాట కోసం వెతకండి, మొదటి పట్టు అక్కడే దొరుకుతుంది. “మంగళగిరి నడుమ గొంతు (2)” అంటే గళ. అయితే గొంతంటే గళం కదా, సున్న ఏదీ? ఇలా సున్న ఎగ్గొట్టడం గడి తయారుచేసే కొందరు కూర్పరులకు అలవాటు. అడ్డంలో వచ్చే మాట ఒప్పుకునేదాకా పెన్ను ముట్టకూడదు. పత్రిక కాగితానికి 2బి పెన్సిల్ మేలు. గట్టి ములికి కాగితాన్ని చింపుతుంది, జెల్ పెన్ను సిరా పక్క గడిలోకి పాకుతుంది.

చిక్కంతా రెండు రూపాలున్న మాటలతోనే. పండగ, పండుగ రెండూ మూడు గళ్ళే. కానీ మధ్యలో ‘డ’ రాశామా ‘డు’ రాశామా అన్నదాన్నిబట్టి నిలువు మాట నిలబడుతుంది లేదా కూలుతుంది. పొల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలు మరీ ఘోరం: ‘బస్’లో సకారపొల్లుకు వేరే గడి ఇస్తారో లేదో కూర్పరి ఇష్టం. గళ్ళ లెక్క తప్పుగా అచ్చేసి, వచ్చే వారం సవరణ కూడా వేయని పత్రిక ఒకటుంది. నా లెక్కలో దానికి ఒక మార్కు తక్కువ.

నిఘంటువుల్లో శబ్దరత్నాకరం ఒక్కటున్నా సరిపోతుంది, ఫోనులో ఆంధ్రభారతి నిఘంటువుల సైటులో వెతుకులాట ఎలాగూ ఉంది. పర్యాయపదాల పిచ్చి ఉన్న కూర్పరికి మాత్రం అమరకోశం కావాలి. బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలవాళ్ళ దగ్గర ఇవి దొరికితే వదలొద్దు. పాత వారపత్రికల కట్ట కనబడినా బేరమాడొచ్చు. కానీ గడినుడి పేజీ తెరిచి చూశాకే డబ్బులివ్వండి, ఎవరో ఒకరు సగం నింపేసి ఉంటారు, అదీ తప్పుగా.