మాత్‌ల మ్యాపుకి ఏది మేలు: పిన్నులా, గళ్లా, మోడలా?

మాత్ అంటే సీతాకోకచిలుకకి దగ్గరి చుట్టం, ఎక్కువగా రాత్రిపూట తిరిగే పురుగు. లూనార్ హార్నెట్ మాత్‌ని మొదటిసారి చూసినవాళ్లు కందిరీగ అనుకుని రెండడుగులు వెనక్కి వేస్తారు. ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలు, గాజులాంటి రెక్కలు. గొంగళిపురుగుగా ఉన్నంతకాలం విల్లో చెట్టు కాండాన్ని తొలుచుకుంటూ లోపలే ఉంటుంది. రెక్కలొచ్చాక పగటిపూట ఎగురుతుంది కాబట్టి లైట్ ట్రాప్‌లకు, అంటే రాత్రి దీపం వెలుగుతో మాత్‌లను రప్పించి పట్టే పెట్టెలకు, చిక్కదు. అందుకే బ్రిటన్ మ్యాపుల్లో దీని చుక్కలు చాలాకాలం అక్కడొకటి, ఇక్కడొకటిగానే కనిపించేవి. కొన్నేళ్ల క్రితం ఆడ మాత్ వాసనను పోలిన ఫెరమోన్ ఎర దొరకడం మొదలైంది. ఎర కట్టిన చోటల్లా మగవి వచ్చి వాలాయి, చుక్కలు గబగబా పెరిగాయి. అది చూసి ఈ జాతి కొత్త ప్రాంతాలకు పాకుతోంది అనుకుంటే పొరబడినట్టే. అది అంతకుముందు నుంచీ అక్కడే ఉంది. దాన్ని పట్టిచ్చే పద్ధతి మనకు అప్పుడు దొరికింది.

వాలంటీర్లు పంపే రికార్డులతో ఒక ప్రాంతపు మాత్‌ల మ్యాపు గీయాలనుకునేవాళ్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. ప్రతి రికార్డుకూ ఒక పిన్ను గుచ్చడం, ప్రాంతాన్ని గళ్లుగా కోసి గడికో చుక్క పెట్టడం, మాత్ ఎక్కడ ఉండే అవకాశం ఎంతో గణాంకాల మోడల్‌తో అంచనా వేసి మొత్తం మ్యాపుకి రంగు వేయడం. మూడింటికీ నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మ్యాపులో ఖాళీగా ఉన్న చోట మాత్ లేదా, లేక అక్కడికి ఎవరూ వెళ్లలేదా? ఆ సంగతి ఏ మ్యాపు చెబితే అది మేలు.

పిన్నుల మ్యాపు చేయడం చాలా తేలిక. ఫోన్‌తో ఫొటో తీస్తే స్థలం దానంతటదే నమోదవుతుంది. పిన్ను నొక్కితే ఫొటో తెరుచుకుంటుంది, గుర్తింపులో అనుమానముంటే మళ్లీ చూసుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ మ్యాపుగా చూస్తే పిన్నులు మనుషులు తిరిగే దారులనే చూపిస్తాయి. ఊళ్లు, రోడ్లు, పార్కులు, ఉత్సాహంగా ట్రాప్ పెట్టే ఒకరిద్దరి పెరళ్లు నిండిపోతాయి. ఇంకో చిక్కు చూపుకి అందదు. జనం ఫొటోలతో జీవుల రికార్డులు పంపే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో అపాయంలో ఉన్న జాతుల స్థలాన్ని మరుగుపరుస్తారు. అసలు చోటు చుట్టూ 0.2 డిగ్రీల వెడల్పున్న పెట్టెలో ఎక్కడో ఒక చోట పిన్ను పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ వెడల్పు 22 కిలోమీటర్లు. పిన్ను చెరువు మధ్యలో పడినా, కొండకి అవతల పడినా ఆశ్చర్యం లేదు, కానీ చూసేవాళ్లు దాన్నే అసలు చోటు అనుకుంటారు. ఖాళీ గురించి పిన్ను ఒక్క ముక్క కూడా చెప్పదు. కాబట్టి పిన్ను డేటాబేసులో ఉండాలి, తప్పకుండా ఉండాలి, జనం ముందు పెట్టే మ్యాపులో మాత్రం వద్దు.

గళ్ల పద్ధతికి లోతైన చరిత్ర ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు హెచ్.సి. వాట్సన్ 1852లోనే బ్రిటన్‌ను మొక్కల రికార్డుల కోసం 112 విభాగాలుగా చేశాడు. పాలనా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఆ విభాగాలు మారవు, పాత రికార్డుని కొత్తదాని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. (జిల్లా సరిహద్దులతో మ్యాపు గీయాలనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.) తర్వాత 10 కిలోమీటర్ల చదరపు గళ్లు వచ్చాయి. 2007లో మొదలైన అక్కడి జాతీయ మాత్ రికార్డింగ్ పథకం ఆ గళ్ల మీదే నడిచి, 2019లో 893 జాతుల అట్లాస్‌గా అచ్చయింది. దాని వెనకున్న రికార్డులు 2.5 కోట్ల పైచిలుకు.

గడిలో నాకు నచ్చేది దాని న్యాయం. ఏడాదికి రెండు వందల రాత్రులు ట్రాప్ పెట్టేవారికీ, సెలవులకొచ్చి ఒక్క రాత్రి దుప్పటి కట్టి లైటు వేసినవారికీ చుక్క ఒకటే. పాత రికార్డుకి ఖాళీ సున్నా, కొత్తదానికి నిండు చుక్క పెడితే ఎక్కడ తగ్గిపోతోందో ఒక్క చూపులో తెలుస్తుంది. లోపమూ ఉంది. 10 కిలోమీటర్ల గడిలో లోయ, కొండకొమ్ము రెండూ ఇమిడిపోతాయి, కొమ్ము మీద మాత్రమే బతికే మాత్ లోయకీ అంటుకుంటుంది. ఆ గడిలో 2 కిలోమీటర్ల గళ్లు 25 పడతాయి. చిన్న ప్రాంతానికి అవే బాగుంటాయి, అయితే వాటిని నింపే మనుషులుండాలి. లేకపోతే మ్యాపంతా చిల్లులే.

పైగా గళ్ల మ్యాపు అనుమానాన్ని దాచకుండా చూపగలదు. గ్రే డాగర్, డార్క్ డాగర్ అని రెండు మాత్‌లున్నాయి. రెక్కలొచ్చాక వాటిని విడదీయాలంటే మైక్రోస్కోపు కింద జననాంగాలు చూడాల్సిందే. గొంగళిపురుగు దశలో మాత్రం సులువు. గ్రే డాగర్ వీపు మీద వెడల్పాటి పసుపు చార, దాని ముందు భాగంలో నల్లటి పొడవాటి బుడిపె నిటారుగా ఉంటాయి. ట్రాప్‌లో పడినదానికి ఉమ్మడి గుర్తు, ఆకు మీద దొరికిన గొంగళిపురుగుకి జాతి గుర్తు పెట్టుకోవచ్చు. అదే మోడల్‌కిస్తే రెండూ ఒకే ముద్దలో కలిసిపోతాయి, లేదంటే సగం రికార్డులు పక్కన పడేయాలి.

మోడల్‌ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. వెతుకులాటలోని హెచ్చుతగ్గుల్ని లెక్కలోకి తీసుకునే మంచి పద్ధతులున్నాయి. మార్క్ హిల్ 2012లో ప్రచురించిన ‘ఫ్రెస్కాలో’ (Frescalo) అనే పద్ధతి పక్కపక్క గళ్లలో మామూలుగా దొరికే జాతులు ఎన్ని నమోదయ్యాయో చూసి, ఏ గడిని సరిగా వెతకలేదో అంచనా వేస్తుంది. ఆక్యుపెన్సీ మోడళ్లు ఒకే చోటికి పదేపదే వెళ్లిన రాత్రుల జాబితాల నుంచి, మాత్ ఉండి కూడా కంటపడని అవకాశాన్ని లెక్కగడతాయి. వాటికి మేత కావాలి. ఆ రాత్రి కనిపించిన జాతులన్నీ ఉన్న పూర్తి జాబితా కావాలి. అందమైనదాన్ని ఒక్కదాన్నే ఫొటో తీసి పంపితే ఈ లెక్క కుదరదు.

జాతి దొరికిన చోట్ల పరిస్థితుల్ని బట్టి మిగతా చోట్ల అది ఉండే అవకాశాన్ని అంచనా వేసే మాక్సెంట్ లాంటి మోడల్‌కి పిన్నుల్ని ఉన్నవి ఉన్నట్టు అందిస్తే మనుషులు ఉండే చోటునే మాత్ ఉండే చోటుగా నేర్చుకుంటుంది. వలసవచ్చే జాతులతో మరీ ప్రమాదం. డెత్స్ హెడ్ హాక్‌మాత్ దక్షిణాన పుట్టి బ్రిటన్‌దాకా ఎగిరొస్తుంది, అక్కడి చలికాలాన్ని తట్టుకోలేదు. వచ్చి వాలిన చోటల్లా దాని నివాసమని మోడల్ అనుకుంటుంది. చివరికి చేతికొచ్చేది నునుపైన రంగుల మ్యాపు. ఖాళీ అన్నదే కనబడదు. ఎవరూ అడుగుపెట్టని అడవికి కూడా ఏదో ఒక రంగు ఉంటుంది. చూసేవాళ్లు ఆ రంగుని నమ్మేస్తారు, నన్ను భయపెట్టేది అదే.

అందుకే ప్రాంతీయ మ్యాపుకి నా ఓటు గళ్లకే, కానీ మూడు రకాల గళ్లకి. మాత్ దొరికిన గడికి చుక్క. తగినన్ని రాత్రులు వెతికినా దొరకని గడికి తెలుపు. ఎవరూ వెళ్లని గడికి బూడిదరంగు. తగినన్ని అంటే ఎన్నో ముందే తేల్చుకుని మ్యాపు కిందే రాయాలి. చుక్క ఎలా వచ్చిందో కూడా తెలియాలి: లైటా, గొంగళిపురుగా, ఎరా? లైటుకి రాని జాతి విషయంలో లైట్ ట్రాప్ రాత్రులు వెతికిన రాత్రుల కిందికి రావు, దాని మ్యాపులో ఆ గడి బూడిదరంగులోనే ఉండాలి. మోడల్‌ని వెనకగదిలో నడిపి, బూడిద గళ్లలో దేనికి ముందు వెళ్లాలో తేల్చుకోవడానికి వాడాలి.

తెల్ల గడి రావాలంటే వాలంటీర్లని ఇప్పటిదాకా అడగనిది ఒకటి అడగాలి. లైటు పెట్టి ఏమీ రాని రాత్రిని కూడా రాసి పంపమనాలి. తేదీ, చోటు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, 125 వాట్ల పాదరసపు దీపమా లేక అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న యాక్టినిక్ ట్యూబా, వెన్నెల ఉందా, గాలి ఉందా. దొరికిన జాతులు ఎన్ని అన్నచోట సున్నా.